మేపుల్ దుంగలో అలల చారలు పైకి తేలాలంటే ఏ ముఖం కోయాలి?

ప్రశ్న క్లుప్తంగా: ఒహాయోలో ఇంటి వెనక ఉన్న మేపుల్ చెట్టు మార్చి చివర్లో గాలివానకి పడింది. మొదలు దుంగ 9 అడుగుల పొడవు, సన్నవైపు అడ్డకొలత 20 అంగుళాలు. బెరడు ఊడినచోట చెక్క మీద అలలు కనిపిస్తున్నాయి. ఇప్పుడు మే నెల. పోర్టబుల్ సామిల్లు ఉన్నాయన "ఎలా కోయమంటారో మీరే చెప్పండి" అన్నారట. పైన పంగ ఉన్న ముక్క కూడా మిగిలింది.

జవాబు:

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది కర్లీ మేపుల్. వయొలిన్ వెనక పలక మీద అడ్డంగా కనిపించే పులిచారలు ఈ రకానివే. కర్లీకి మామూలుగా క్వార్టర్ సాన్ కోత మంచిది, అంటే దుంగ నడిమి నుంచి బెరడు వైపుకి వెళ్లే ముఖం పైకి వచ్చేలా కోయడం. అయితే ఈ మాట మీద గుడ్డిగా రంపం పెట్టించకండి. ఏ ముఖం కోయాలో మీ దుంగే చెబుతుంది. గొడ్డలి, సుత్తి, ఒక అరగంట ఉంటే తేలిపోతుంది.

చార ఎందుకు కనిపిస్తుందో ముందు చూద్దాం. మామూలు చెట్టులో పోగులు నిటారుగా పోతాయి. కర్లీ చెట్టులో అవి అలలు తిరుగుతూ పైకి వెళ్తాయి. రంపం తిన్నగా పోతుంది కాబట్టి అల ఎక్కే వాలులో పోగులు ఒక దిక్కుకి ఒరిగి తెగుతాయి, దిగే వాలులో ఎదురు దిక్కుకి ఒరిగి తెగుతాయి. పక్క నుంచి వెలుతురు పడితే ఒక వాలు మెరుస్తుంది, దాని పక్కది నల్లబడుతుంది. పలకని తల్లకిందులుగా తిప్పి పట్టుకుంటే మెరిసింది నల్లగా, నల్లనిది మెరుపుగా మారుతుంది. ఇది చెక్క రంగులో ఉన్న తేడా కాదు, పోగుల వాలు తెచ్చే తేడా. అందుకని అలలు కోసిన ముఖంలోంచి పైకి లేస్తూ, లోపలికి దిగుతూ ఉండాలి. ముఖానికి సమాంతరంగా అటూ ఇటూ ఊగే అలని ఎంత నునుపుగా కోసినా చార పెద్దగా పలకదు. ఎందుకంటే అక్కడ పోగులన్నీ ముఖం మీద పడుకునే ఉంటాయి.

ఇక పరీక్ష. దుంగ సన్నవైపు పగుళ్లు పట్టిన రెండు మూడు అంగుళాలు కోసి పారేయండి. ఆ వెంటనే ఎనిమిది తొమ్మిది అంగుళాల మందం గుండ్రం ఒకటి కోయండి. మొత్తం అడుగు పోయినా 8 అడుగుల దుంగ మిగులుతుంది, నష్టమేమీ లేదు. గుండ్రం రెండు మూడు అంగుళాలే ఉంటే అలలు చూడటానికి చాలదు, రెండు మూడు అలలు కూడా అందులో పట్టకపోవచ్చు. ఆ గుండ్రాన్ని నిలబెట్టి నడిమధ్య నుంచి బెరడు దాకా, చీల దిగ్గొట్టి రెండుగా చీల్చండి. ఒక సగంలోంచి బెరడుకి రెండంగుళాల లోపల, ఏటి వలయాల వెంబడి ఇంకో చీలిక తీయండి. ఇప్పుడు మీ చేతిలో రెండు రకాల ముఖాలు ఉంటాయి: నడిమి నుంచి బెరడుకి వెళ్లేది ఒకటి, బెరడుకి సమాంతరంగా ఉన్నది ఒకటి. గొడ్డలి పోగుల వెంటే చీలుస్తుంది, రంపంలా వాటిని తెంపదు. అందుకే అలలు ఏ ముఖం మీద షెడ్డు రేకులా ఎగుడుదిగుడుగా చేతికి తగులుతాయో ఆ ముఖాన్నే రంపానికి అప్పగించాలి. చీకటి చేసి టార్చి పక్కవాటంగా వేస్తే వెంటనే తెలుస్తుంది. అరంగుళానికో అల ఉండి, లోతు వేలికి స్పష్టంగా తగులుతుంటే మంచి సరుకు. కంటికి కనబడి వేలికి తగలకపోతే చార వస్తుంది గానీ పల్చగా వస్తుంది.

బెరడు ఊడినచోట కనిపించిన అలల్ని కూడా ఇలాగే చదవాలి. అక్కడ మీరు చూస్తున్నది బెరడుకి సమాంతర ముఖాన్ని. గీతలు కుడిఎడమలకి ఊగుతూ, చేత్తో రాస్తే నున్నగా ఉంటే క్వార్టర్ కోత వైపే మొగ్గు. రాస్తే ఎత్తుపల్లాలు తగిలితే ఆ అల లోపలికీ బయటికీ కూడా ఉందన్నమాట. అప్పుడు ఫ్లాట్ సాన్ పలక మీద, అంటే బెరడుకి సమాంతరంగా కోసిన పలక మీద కూడా చార బాగా వస్తుంది. ఇంకో హెచ్చరిక: వేరు మొదట్లో చెట్టు బరువుకి పోగులు నలిగి, ముడతలు పడటం చాలా చెట్లలో మామూలు. అది పైకి రెండు మూడు అడుగుల్లో ఆగిపోతుంది. పరీక్ష ముక్క సన్నవైపు నుంచి తీయమన్నది అందుకే. అక్కడ కూడా అల ఉంటే దుంగ పొడవునా ఉందని నమ్మవచ్చు.

మేపుల్‌లో అన్ని చారలకీ ఒకే కోత పనికిరాదు. బర్డ్స్ ఐ, అంటే షుగర్ మేపుల్‌లో వచ్చే చిన్న చిన్న కళ్లు, బెరడు నుంచి లోపలికి దిగిన సన్నటి గుంటలు. వాటిని బెరడుకి సమాంతరంగా కోస్తేనే గుండ్రటి కళ్లలా కనిపిస్తాయి, క్వార్టర్ కోస్తే చిన్న గీతలై పాడవుతాయి. దుంగ సన్నవైపు ఎత్తి, కోత బెరడుకి సమాంతరంగా వచ్చేలా పెట్టి, నాలుగు వైపులా తిప్పుతూ బయటి నుంచి తీసుకుంటూ పోవాలి. ఇది మిషిగన్ ఉత్తర భాగంలో ఎక్కువగా దొరుకుతుంది. వాషింగ్టన్, ఓరెగాన్, బ్రిటిష్ కొలంబియాల బిగ్‌లీఫ్ మేపుల్‌లో బొంతలా ఉబ్బెత్తుగా కనిపించే చార, క్విల్ట్ కూడా అంతే, ఫ్లాట్ సాన్‌లోనే పొంగులు తేలతాయి. ఆ బిగ్‌లీఫ్ ఎక్కడైనా కొనేటప్పుడు కాగితాలు అడిగి తీసుకోండి. వన్యప్రాణుల దొంగ వ్యాపారాన్ని అడ్డుకునే అమెరికా లేసీ చట్టం 2008 సవరణ తర్వాత దొంగ కలపకీ వర్తిస్తోంది. 2018లో ఒలింపిక్ జాతీయ అరణ్యంలో జరిగిన మేపుల్ దొంగతనం కేసులో 2021 విచారణలో చెట్టు డీఎన్‌ఏని కూడా సాక్ష్యంగా పెట్టారు.

మీ దుంగ విషయంలో ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద శత్రువు వేడి. మేపుల్‌కి ధర పలికేది బయటి తెల్లచెక్కకి. పచ్చి దుంగ వేసవిలో బయట పడి ఉంటే ఆ తెలుపు కొనల నుంచి లోపలికి బూడిదరంగుకి తిరుగుతుంది. అది పైపైన పట్టిన మరక కాదు, లోపలి దాకా ఉంటుంది, చిత్రిక పట్టినా పోదు. దీనికి తోడు అంబ్రోసియా పురుగు బెరడులోంచి తొలిచి, సన్నటి రంధ్రాల చుట్టూ నల్లటి చారలు పెడుతుంది. మార్చి నుంచి పడి ఉంది కాబట్టి కొంత ఇప్పటికే పట్టి ఉండవచ్చు. సామిల్లు ఆయన్ని ఈ వారమే రమ్మనండి. కుదరకపోతే కొత్తగా కోసిన కొనలకి ఆ రోజే ఆంకర్‌సీల్ లాంటి మైనపు పూత దట్టంగా వేసి, దుంగని నీడకి దొర్లించి, నేలకి తగలకుండా దిమ్మల మీద పెట్టండి. పూత పగుళ్లని ఆపుతుంది, రంగు మారడాన్ని పూర్తిగా ఆపలేదు.

రంపం ఎక్కించే ముందు బెరడు మీద మట్టి, రాళ్లు కడిగించండి, లేదా కోత పడే వరసలో బెరడు చెక్కించండి. పెరటి చెట్టు కదా, మేకులు, దుస్తుల తీగ కొక్కేలు, పాత కంచె తీగ లోపల ఉండే అవకాశం చాలా ఎక్కువ. మెటల్ డిటెక్టర్‌తో నాలుగు వైపులా తడమండి. కొనల మీద నీలి నలుపు మరక కనిపిస్తే ఆ వరసలో ఎక్కడో ఇనుము ఉండే అవకాశం ఎక్కువ. షుగర్ మేపుల్ అయితే సిరప్ కోసం పూర్వం ఎవరైనా తూట్లు పెట్టి ఉండవచ్చు, ఆ తూటు పైనా కిందా గోధుమరంగు పట్టీ నడుస్తుంది. ఆ పట్టీని కోత సమయంలో ఒకే పలకలోకి వచ్చేలా దుంగని తిప్పుకోవచ్చు.

బ్యాండ్ బ్లేడు కొత్తది, లేదా అప్పుడే సాన పట్టింది పెట్టించండి. షుగర్ మేపుల్ గట్టిది, చెక్క గట్టిదనాన్ని కొలిచే జాంకా లెక్కలో 1450. రెడ్ మేపుల్ 950, సిల్వర్ మేపుల్ 700. గట్టి చెక్కకి పది డిగ్రీలు ముందుకి వాలిన పంటి కన్నా ఏడు, లేదా నాలుగు డిగ్రీల పన్ను నిలకడగా పోతుంది. కర్లీ చెక్కలో పోగు వాలు అడుగడుక్కీ మారుతుంది కాబట్టి మొద్దుబారిన బ్లేడు పైకీ కిందికీ ఈదుతుంది. పలక ఒకచోట అంగుళం, ఇంకోచోట అంగుళంపావు అయిపోతుంది. పలక మీద అలలా గీతలు మొదలైతే వేగం తగ్గించడంతో సరిపెట్టుకోకుండా బ్లేడు మార్చమనండి. ఇంకో మాట, కూలి బోర్డ్ ఫుట్ (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం) లెక్కన కాకుండా గంట లెక్కన మాట్లాడుకోండి. మీ 8 అడుగుల, 20 అంగుళాల దుంగలో ఎంత కలప వస్తుందో అంచనా వేసే డాయిల్ కొలత ప్రకారం 128 బోర్డ్ ఫుట్. అది ఫ్లాట్‌గా కోస్తే త్వరగా అయిపోతుంది, క్వార్టర్‌కి తిప్పడాలు ఎక్కువ, వృథా కూడా ఎక్కువ. బోర్డ్ ఫుట్ లెక్కన తీసుకునే మనిషిని ఆ తిప్పలు పడమనడం న్యాయం కాదు, ఆయన తొందరపడితే నష్టం మీకే.

కోత వరస ఇలా పెట్టించండి. దుంగని బెడ్ మీద పెట్టాక కొనల మీద నడిదవ్వ, అంటే వలయాల నట్టనడి బిందువు, ఎక్కడుందో గుర్తుపెట్టి, రెండు కొనల్లోనూ బెడ్ నుంచి దవ్వ ఎత్తు కొలవండి. సన్నవైపు తక్కువ వస్తుంది. దవ్వ రెండు వైపులా ఒకే ఎత్తుకి వచ్చేదాకా సన్నవైపు ఎత్తి చీలలు పెట్టండి. నడిమిలో పగులు గీత ఉంటే అది బెడ్‌కి సమాంతరంగా పడుకునేలా దుంగని తిప్పండి, ఒక్క పలకతో ఆ పగులు వదిలిపోతుంది. మొదటి కోత పై నుంచి ఆరున్నర అంగుళాల దగ్గర వేసి, ఆ పై చెక్కని మొత్తంగా తీసి పక్కన పెట్టండి. ఇప్పుడు తెరుచుకున్న ముఖం మీద నీళ్లు చల్లి, టార్చి ఒరగా వేసి చూడండి. ఈ ముఖానికి నడిమధ్య ఫ్లాట్, రెండు అంచులు క్వార్టర్ దగ్గర. చారలు అంచుల్లో ఎక్కువ పలుకుతున్నాయా, నడిమిలోనా అన్నది ఇక్కడే కంటికి తేలుతుంది. మీ చీలిక పరీక్ష చెప్పినదానికి ఇది సరిపోతే ముందుకి వెళ్లండి. నడిమే బాగుంటే అక్కడే ఆపి, దుంగని తిప్పుతూ మామూలు ఫ్లాట్ కోతకి మారిపోండి, ఆలస్యమేమీ కాలేదు.

అంచుల్లో బాగుంటే, మధ్యలో ఉన్న ఏడు అంగుళాల్లోంచి అంగుళంపావు మందం పలకలు వరసగా తీయండి, ఐదు వస్తాయి. అవి దుంగ వెడల్పంతా ఉంటాయి కాబట్టి మొదలు వైపు లావుకి మిల్లు గొంతు (రంపం కింద దుంగ దూరే వెడల్పు) సరిపోతుందో లేదో ముందే కొలవండి. ఒక్కో పలక నడిమిలోంచి దవ్వతో కలిపి రెండు మూడు అంగుళాల పట్టీ నిలువుగా కోసి పారేయండి. దవ్వని ఉంచితే పలక అక్కడే నిలువునా పగులుతుంది, అందులో సందేహం లేదు. అటూ ఇటూ ఎనిమిదేసి అంగుళాల వెడల్పు క్వార్టర్ పలకలు మిగులుతాయి. ఈ ఐదింటిలో నడిమిది అన్నిటికన్నా మేలు, చారలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి నిటారుగా, తెగకుండా దాటుతాయి.

ఇక పై చెక్క, కింది చెక్క. రెంటినీ అంచు మీద నిలబెట్టి, కోసిన ముఖాల్ని ఒకదానికొకటి ఆనించి బిగించండి. విడివిడిగా పెడితే ఊగుతాయి, కలిపితే కోత రెట్టింపు, కుదురు రెట్టింపు. మొదటి రెండు మూడు పలకలు ఫ్లాట్‌కీ క్వార్టర్‌కీ నడుమ ఉండే రిఫ్ట్ కోతకి వస్తాయి, చార కొంచెం ఏటవాలుగా ఉంటుంది. వాటిని విడిగా పెట్టండి. నడిమికి వచ్చేసరికి ఆరంగుళాల వెడల్పులో ఒక్కో చెక్కకి ఐదేసి మంచి క్వార్టర్ పలకలు దొరుకుతాయి. ఈ చెక్కలు దుంగ నుంచి విడిపోగానే లోపల ఉన్న బిగువు వదిలి విల్లులా వంగడం మామూలే. వంగినదాన్ని బలవంతంగా నొక్కి బిగించి కోసినా, వదలగానే పలక మళ్లీ వంగుతుంది. సగం పలకలు తీశాక చెక్కని తిరగేసి రెండోవైపు నుంచి కోయిస్తే బిగువు రెండు పక్కలా సమానంగా వదులుతుంది.

చాలామంది లెక్క తప్పేది మందం దగ్గర. షుగర్ మేపుల్ పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి నడిమి నుంచి బెరడు దిక్కుకి 4.8 శాతం, వలయాల వెంబడి 9.9 శాతం కుంచించుకుంటుంది. రెడ్ మేపుల్‌కి ఆ అంకెలు 4.0, 8.2. క్వార్టర్ పలకలో పెద్ద అంకె మందం వైపు పడుతుంది. అంటే వెడల్పు పెద్దగా తగ్గదు, మందం తగ్గుతుంది. ఇంటి వాడకానికి తగ్గట్టు 8 శాతం తేమకి వచ్చేసరికి మందంలో ఏడు శాతం దాకా పోతుంది. దానిమీద చిత్రికకి రెండు వైపులా పోతుంది. ఎండి, నునుపు చేశాక ముప్పావు అంగుళం నిక్కచ్చిగా మిగలాలంటే అంగుళంపావు కోయడం భద్రం. టేబుల్ కాళ్లకీ, గిటారు మెడలకీ రెండున్నర అంగుళాలు. వాద్యాలవాళ్లకి అమ్మే ఆలోచన ఉంటే గిటారు పైపలకకి ఒక్కో సగం ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ఉండేలా మచ్చలేని చోట్లు గుర్తుపెట్టుకోండి. మీ మధ్య పలకల ఎనిమిది అంగుళాలు అంచుల దగ్గర కొంచెం తగ్గుతాయి కాబట్టి, మొదలు వైపు నుంచే ఇవి దొరకవచ్చు. వయొలిన్‌వాళ్లు రంపపు పలక కన్నా గొడ్డలితో చీల్చిన చీలికనే ఇష్టపడతారు. పరీక్షకి కోసిన గుండ్రంలాంటి ముక్కే, 17–18 అంగుళాల పొడవుది, వాళ్లకి చాలు.

కోసిన ప్రతి పలక కొన మీద వరస సంఖ్య వేయండి, దుంగలో ఉన్న వరసలోనే పేర్చండి. పక్కపక్క పలకలు పుస్తకంలా తెరిచి అతికితే చారలు ఎదురెదురుగా కలుస్తాయి. వరస చెడితే ఆ జత మళ్లీ దొరకదు. జతలో ఒక సగం మెరుస్తూ, ఇంకోటి మబ్బుగా కనిపించడం లోపం కాదు. తిరగేసిన ముఖంలో పోగుల వాలు ఎదురు దిక్కుకి ఉంటుంది కాబట్టి అలాగే ఉంటుంది.

పలక మీద పడిన రంపపు పొట్టుని వెంటనే చీపురుతో ఊడ్చేయండి. తడి పొట్టు రాత్రంతా ఉంటే తెల్లారేసరికి మచ్చ పడుతుంది. పలకల్ని అదే రోజు మధ్యమధ్య బద్దలు పెట్టి పేర్చాలి, మర్నాటికి వదలొద్దు. బద్దలు పూర్తిగా ఎండినవి, ముప్పావు నుంచి అంగుళం మందం, అన్నీ ఒకే మందం. పచ్చి బద్ద పెడితే దాని కింద పలక మీద నీడలాంటి అడ్డపట్టీ పడి, చిత్రిక పట్టాక కూడా మిగులుతుంది. బద్దకీ బద్దకీ పన్నెండు అంగుళాలు మించకుండా, పై వరస బద్ద కింది వరస బద్ద నెత్తినే కూర్చునేలా పెట్టండి. రెండు చివరలకీ బద్దలు కొన అంచుకి దగ్గరగా ఉండాలి. దొంతర నేలకి అడుగున్నర ఎత్తున, పైన రేకు, పక్కలు తెరిచి, పైన రాళ్లో సిమెంటు దిమ్మలో బరువుగా. కర్లీ పలక మెలి తిరగడానికి మామూలు పలక కన్నా తొందరపడుతుంది, బరువు తగ్గించుకోకండి.

మేలోంచి జూలై దాకా ఒహాయోలో ఉక్కపోత ఉంటుంది. ఆ గాలిలో ఆరబెడితే తెలుపు బూడిదకి దిగే ప్రమాదం కోతకి ముందు ఎంతో, తర్వాత కూడా అంతే. పలకలు తడిగా ఉన్న మొదటి వారాల్లో ఫ్యాను పెట్టి గాలి ఆడించండి. ఇంకా మంచిది, దగ్గర్లో డీహ్యూమిడిఫైయర్ కిల్న్ (గాలిలో తేమ లాగేసి కలప ఆరబెట్టే గది) ఉన్నవాళ్లతో ముందే మాట్లాడి, కోసిన మూడు నాలుగు రోజుల్లో అక్కడికి చేర్చడం. మొదట్లో వేడి 105 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపలే ఉంచమని అడగండి. తేమ ఉన్నప్పుడు వేడి పెంచితే గోధుమరంగు పట్టేస్తుంది. చివర్లో ఆరు నుంచి ఎనిమిది శాతం తేమకి వచ్చాక, పలక లోపలి భాగం 133 డిగ్రీలు చేరి అరగంట ఉండేలా వేడి చేయిస్తే పురుగు, గుడ్లు చస్తాయి. ఇంటి సామాన్లకి పెట్టే కలపకి ఇది తప్పనిసరి అనే నా మాట.

పంగ ముక్క సంగతి. దాని చార కర్లీలా పోగుల అలల నుంచి కాకుండా, రెండు కొమ్మల పోగులు ఒకదాన్నొకటి నెట్టుకున్న చోటు నుంచి వస్తుంది. కోతకి నియమం ఒక్కటే: రెండు కొమ్మల దవ్వలు, కింది కాండం దవ్వ, మూడూ ఒకే కోత ముఖంలో పడాలి. అందుకని మూడు కొనల మీదా దవ్వ ఎత్తు కొలిచి, చీలలు పెట్టి, సమం చేశాకే మొదటి కోత. పావంగుళం తేడా వచ్చినా ఈకలాంటి చార ఒక పక్కకి జారిపోతుంది. దీన్ని రెండున్నర అంగుళాల కన్నా పల్చగా కోయొద్దు, తప్పకుండా వంగుతుంది. పంగ మొదట్లో బెరడు లోపలికి మడుచుకుని ఉంటే ఆ పలక అక్కడ విడిపోతుంది. కోసేటప్పుడు చూసుకోవాల్సిన మచ్చ అదే. కోయగానే కొనలతో పాటు చారల మీద కూడా మైనపు పూత వేయండి. అక్కడ పోగులు కొన తెగినట్టే ఉంటాయి కాబట్టి కొనల్లాగే వేగంగా ఆరి, పగులుతాయి.

ఎండిన కర్లీ పలకని మామూలు ప్లేనర్‌లోకి పంపకండి. ఎక్కే వాలులో బాగుంటుంది, దిగే వాలులో కత్తి పోగుని పట్టి పీకేస్తుంది, చారకొక గుంట పడుతుంది. స్పైరల్ కత్తుల తల ఉన్న మిషను దొరికితే ఒక్కో దఫా అంగుళంలో ముప్పై రెండో వంతుకి మించకుండా తీయించండి. చివరి దఫాకి ముందు తడిగుడ్డతో ముఖం తుడిస్తే పోగు మెత్తబడి పీకుడు తగ్గుతుంది. ఆ తర్వాత డ్రమ్ సాండర్, లేదా చేతిలో పదునైన స్క్రేపర్. చేతి చిత్రికే వాడేట్టయితే కత్తి 55 నుంచి 60 డిగ్రీల కోణంలో నిలబడి ఉండాలి, మామూలు 45 డిగ్రీల చిత్రిక ఈ చెక్కలో పనికిరాదు.